చేతికి తెలిసిన పని, పుస్తకంలో రాద్దాం



గుంటూరు మిర్చి యార్డు పేరు విననివారు లేరు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి మిరప టిక్కీలు అక్కడికి చేరతాయి. వ్యాపారి గుప్పెడు కాయ తీసి చూస్తాడు. ధర కడతాడు.

ఆ కాయ వెనక ఎవరి చేతులు ఉన్నాయి? కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కల్లంలో ఆరబోసి తిరగేసేది, తాలు ఏరేది, తొడిమ తీసేది కూడా వాళ్లే. (తొడిమను కొన్ని ఊళ్లలో ముచ్చిక అంటారు.)

ఈ పనిలో చదువు లేదని ఎవరన్నారు? తేజ సన్నగా ఉంటది, ఘాటు ఎక్కువ. బాడిగ ముడతలు పడి ఉంటది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఇది మీకు ఎవరూ పుస్తకం చూపించి చెప్పలేదు.

కాయ ఎండిందో లేదో ఎట్లా తెలుస్తుంది? చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. మెత్తగా వంగితే ఇంకా తేమ ఉంది. పట్టుకోగానే పెళపెళా విరిగితే మరీ ఎండింది. వంద కిలోల కాయలో 10, 11 కిలోలకు మించి తేమ ఉండకూడదని శాస్త్రవేత్తలు మిషన్ పెట్టి చెబుతారు. మీరు చెవి పెట్టి చెబుతారు.

తేమ ఎక్కువైతే ఏమవుద్ది? బూజు పడుతుంది. రాత్రి మంచుకు కాయ కప్పకుండా వదిలేసినా అంతే. టిక్కీలో తొక్కేటప్పుడు విరగకుండా కొందరు నీళ్లు చల్లుతారు. అది ఇంకా ప్రమాదం. ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. బూజు దులిపినా, మళ్లీ ఎండబెట్టినా, కూరలో ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. చాలాకాలం ఒంట్లోకి వెళితే కాలేయానికి క్యాన్సర్ రావచ్చు. యూరప్ దేశాలవాళ్లు కిలో కాయలో 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోరు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. అంత కొంచెం!

అంటే ముఠాలో పదిమంది బాగా ఏరి, ఒక కొత్త పిల్ల తెలియక బూజు కాయ కలిపితే, చెడేది మొత్తం సరుకు. అప్పుడు మాట పడేది ముఠా అంతా.

“నాకు తెలిసింది అందరికీ చెబితే నా విలువేం ఉంటదమ్మా?” అని ఒక పెద్దమ్మ నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట చేతివేగమే కదా ఆస్తి! కాని ఆమెకు ఈ పని నేర్పింది కూడా ఒక ముసలమ్మే. ఆ ముసలమ్మకు తెలిసిన మిగతా సంగతులు ఆమెతోనే పోయాయి. అస్సాం టీ ఫ్యాక్టరీల్లోనూ ఇదే కథ. ఆకు సరిగా పులిసిందా లేదా అన్నది పాత పనివాళ్లు వాసన చూసి, రంగు చూసి చెప్పేవారు. ముక్కుకు తెలిసింది ఇంకొకరికి చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది?

చేతుల మంట సంగతే చూడండి. మిరప ఘాటు ఉత్త నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది రాత్రంతా చేతులు ఊదుకుంటూ కూర్చున్నారో!

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. ముఠాకు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పెద్దగా రాయక్కర్లేదు. ఇట్లా చాలు:

“జనవరి 20. తేజ. రాత్రి మంచు పడింది. పట్టా కప్పలేదు. అడుగు కాయ మెత్తబడింది. విడిగా ఆరబోశాం.”

మిరపకాయకు బదులు మిరగాయ అని రాసినా ఫర్వాలేదు, అర్థమవుద్ది. అదే పుస్తకంలో వెనక పేజీల్లో ఎవరు ఎన్ని కిలోలు తీశారో కూడా రాసుకోండి. వారం చివర మేస్త్రి లెక్కతో కలిపి చూసుకోవచ్చు. పుస్తకం ఎవరి ఇంట్లో ఉండాలో మాత్రం ముందే అనుకోండి. లేకపోతే పొయ్యిలోకి పోతుంది!

మీరు చేయండి:

మీ ముఠాలో అందరికన్నా పాత మనిషి ఎవరు? కాయ ఎండిందని ఆమె ఎట్లా కనిపెడుతుందో అడగండి. ఆమె చెప్పిన మాటల్లోనే రెండు వాక్యాలు రాయండి. కింద ఆమె పేరు, తేదీ వేయండి.