హెబ్బాళ చెరువు బాతులు: కెమెరా కొత్తగా పట్టినవాళ్లకి

మన బెంగళూరులో చెరువు కెరె అవుతుంది, బాతు బాతుకోళి అవుతుంది. పేరు ఏదైనా సరే, ఫొటో తీసే ముందు అది బాతేనా అని చూసుకోవాలి. హెబ్బాళ చెరువులో ఒళ్లంతా నల్లగా, ముక్కూ నుదురూ మాత్రం తెల్లగా ఉండి గుంపులుగా ఈదే పిట్ట బాతు కాదు. దాన్ని కూట్ అంటారు, అది నీటికోడికి చుట్టం. మన బాతు వేరు. ఒంటి మీద పొలుసులు పరిచినట్టు గోధుమరంగు ఈకలు, నల్లటి ముక్కు, ముక్కు చివర పసుపు. మగదానికి ముక్కు మొదట్లో అటూ ఇటూ బొట్టు పెట్టినట్టు ఎర్రటి చుక్కలుంటాయి. ఇంగ్లీషు పేరు స్పాట్‌బిల్డ్ డక్. చలికాలంలో వచ్చిపోయే వలస బాతుల్లా కాకుండా ఇది ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. అందుకే నేర్చుకునేవాళ్లకి మంచిది.

ఈ తేడా ఫొటోకి ఎందుకంటారా? కూట్ నీళ్ల మీద టపటపా పరిగెత్తి గానీ లేవలేదు, అంటే మనకి ఫోకస్ చేసుకునే టైమ్ ఇస్తుంది. బాతు ఒక్క ఉదుటున నిటారుగా లేచిపోతుంది. లేచాక నొక్కితే మీకు దొరికేది ఖాళీ నీళ్లే. కానీ లేచే ముందు అది మెడ చాచి తలని పైకీ కిందికీ ఆడిస్తుంది. అది కనిపెట్టండి చాలు. స్నానం కూడా అంతే. తల ముంచి, వీపు మీదికి నీళ్లు జల్లుకున్నాక చాలాసార్లు రొమ్ము పైకెత్తి రెక్కలు విదిలిస్తుంది. స్నానం మొదలవగానే కెమెరా కంటికి ఆనించి ఉంచండి. అందుకే మొదటి అరగంట కెమెరా బ్యాగులోంచి తీయకపోయినా నష్టం లేదంటాను, ఊరికే చూడండి.

ఈదే బాతుకి షట్టర్ సెకనులో 500వ వంతు సరిపోతుంది. రెక్కలు విదిలిస్తే 2000వ వంతు దాకా పెంచాలి. నీళ్లు ఆకాశాన్ని చూపిస్తూ మెరుస్తుంటే కెమెరా మోసపోయి బాతుని నల్లటి ముద్ద చేసేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. ఫోన్ అయితే బాతు మీద వేలితో తట్టి, వేలు పైకి జరపండి. తెల్లటి పెంపుడు బాతు నల్లటి నీళ్లలో ఉంటే దీనికి తిరగేసి చేయాలి, లేకపోతే ఈకల గీతలు ఒక్కటీ కనిపించవు. పొద్దున్నే తూర్పు గట్టున నిలబడితే ఎండ మన వీపు మీద, బాతు ముఖం మీద పడుతుంది. కంట్లో వెలుగు చుక్క కనిపించాలి. కన్ను మసకైతే మిగతాదంతా ఎంత బాగున్నా ఆ ఫొటో పనికిరాదు.

కట్ట మీద నిలబడి కిందికి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు. మెట్లున్న చోట కూర్చోండి, బాతు కంటికి సమంగా. అలా తీస్తే వెనకాల నీళ్లు దూరంగా, మెత్తగా పడతాయి. నాచు పట్టిన అంచుకి మాత్రం వద్దు. చున్నీని పిన్ను పెట్టి బిగించుకోండి, గాలికి అది ఎగిరితే బాతులు మీకంటే ముందు దాన్నే చూస్తాయి.

మరమరాలు, బ్రెడ్డు వేసి దగ్గరికి రప్పించడం చాలామంది చేస్తారు. తినగా మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి. పైగా ఆ ఫొటోల్లో బాతు చేసే పని ఒక్కటే, అడుక్కోవడం.

పిల్లలున్న బాతు కనిపిస్తే ఆశ ఎక్కువవుతుంది. గట్టు దిగి తుంగలోకి వెళ్లకండి. బెదిరితే పిల్లలు తల్లి నుంచి చెదిరిపోతాయి, మన ఊరి ఆకాశంలో గద్దలకి కొదవ లేదు. కట్ట మీద నుంచే తీయండి. చిన్నగానే పడతాయి, పడనీయండి. నీళ్లూ, తుంగా, వెనకాల హెబ్బాళ ఫ్లైఓవరూ అన్నీ ఫ్రేములోకి రానివ్వండి.