ఇండక్షన్ పొయ్యిలో ఉష్ణ సెన్సారు చెడితే గుర్తించడం ఎలా?
(సోలాపూర్ నేత పేటల వంటింటి నుంచి చాకీ గది వరకు పనికివచ్చే పాఠం)



పట్టుపురుగుల పెంపకంలో ఉష్ణోగ్రతకు ఉన్న విలువ మీకు తెలిసినదే. మొదటి జ్వరానికి ముందు పురుగుకు 27 - 28 డిగ్రీల సెల్సియస్ వేడి, 85 - 90 శాతం గాలి తేమ కావాలి. అయిదవ దశలో 24 - 25 డిగ్రీలు చాలు. ఇదివరకు ఈ వేడిని గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో కంటితో చూసేవారము. ఇప్పుడు చాలా పెంపక గృహాలలో అంకెలు చూపే చిన్న నియంత్రణ పెట్టె హీటరును తానే వేసి తానే ఆపుతుంది. ఆ పెట్టెకు వేడిని తెలిపేది ఆవగింజంత సెన్సారు. వంటింటి ఇండక్షన్ పొయ్యి గాజు పలక కింద ఉండేది కూడా ఇదే జాతి సెన్సారు. వంటింట్లో దీని పని తెలుసుకొంటే చాకీ గదిలో నష్టం తప్పించుకోవచ్చు.

మన సరిహద్దు గ్రామాల వారికి సోలాపూర్ దూరపు ఊరు కాదు. హైదరాబాద్ - పుణే రహదారి మీద జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా దాటితే సోలాపూర్. తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ సాఖర్ పేట, భవానీ పేట, అశోక్ చౌక్ వంటి ప్రాంతాలలో స్థిరపడి చద్దర్లు, తువ్వాళ్ళు నేస్తున్నాయి. మగ్గం, వంటిల్లు ఒకే కప్పు కింద ఉన్న ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యికి వచ్చే చిక్కులు ఈ పాఠానికి మంచి ఉదాహరణ.

1. పొయ్యి ఎలా పనిచేస్తుంది?

గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు సెకనుకు 20 వేలకు పైగా సార్లు దిశ మారుతుంది. దానివల్ల గిన్నె అడుగు తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి గిన్నె నుంచి గాజుకు, గాజు నుంచి చుట్ట మధ్యలో ఉన్న సెన్సారుకు చేరుతుంది. అంటే సెన్సారు చూసేది నీటి వేడిని కాదు, గాజు అడుగు వేడిని. అందుకే అంకెకు, గిన్నెలోని నీటికి కొన్ని డిగ్రీల తేడా ఉండడం సహజం.

ఈ సెన్సారును థర్మిస్టర్ అంటారు. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. మామూలు వేడిలో ఒక్క డిగ్రీకి సుమారు 4 శాతం తగ్గుతుంది. పొయ్యి లోపల శక్తి ట్రాన్సిస్టర్ వద్ద ఇలాంటి సెన్సారు మరొకటి ఉంటుంది. లోపలి భాగాలు వేడెక్కితే అది పొయ్యిని ఆపుతుంది.

2. సెన్సారును అనుమానించే ముందు

పొయ్యి మధ్యలో ఆగిపోతే సెన్సారు పోయిందని వెంటనే అనుకోరాదు. ముందుగా ఈ మూడు చూడాలి.

(అ) గాలి దారి: పొయ్యి అడుగున చిన్న ఫ్యాను ఉంటుంది. మగ్గం నడిచే ఇంట్లో నూలు ధూళి ఎగిరి ఫ్యాను రెక్కలకు, గాలి రంధ్రాలకు దూదిలా పట్టుకొంటుంది. గాలి ఆడక లోపలి భాగాలు వేడెక్కి పొయ్యి ఆగుతుంది. ప్లగ్గు తీసి, పొయ్యి చల్లారాక మెత్తని కుంచెతో రంధ్రాలను శుభ్రం చేయాలి. గోడకు జానెడు దూరంలో, గుడ్డ పరచని గట్టి పలక మీద ఉంచాలి. మన ఇళ్ళలో మల్బరీ ఆకు పొడి, సున్నపు పొడి ఇదే పని చేస్తాయి.

(ఆ) గిన్నె: అడుగు సమతలంగా ఉండాలి, అయస్కాంతం అంటుకోవాలి. అడుగు సొట్టపడితే గాజుకు వేడి సరిగా చేరక సెన్సారు తక్కువ చూపుతుంది.

(ఇ) వోల్టేజీ: చుట్టుపక్కల మగ్గాలు ఒకేసారి మొదలయ్యే వేళ, పల్లెలో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోవచ్చు. ఆ వేళలోనే పొయ్యి ఆగుతుంటే తప్పు సెన్సారుది కాకపోవచ్చు.

3. పొయ్యి విప్పకుండా చేసే పరీక్ష

110 డిగ్రీల వరకు చూపే గాజు ఉష్ణమాపకం కావాలి. జ్వరం చూసే ఉష్ణమాపకం వాడరాదు, పగులుతుంది. ముందుగా ఉష్ణమాపకాన్నే సరిచూడాలి. కరుగుతున్న మంచులో అది 0 చూపాలి. సోలాపూర్ సముద్ర మట్టానికి 450 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున అక్కడ నీరు 98 - 99 డిగ్రీలకే మరుగుతుంది. అంతకన్నా ఎత్తున ఉన్న జహీరాబాద్ వైపు సుమారు 98.

తరువాత సమతలపు గిన్నెలో ఒక లీటరు నీరు పోసి, ఉష్ణోగ్రత ఎంచుకొనే వీలున్న పొయ్యి మీద 80 డిగ్రీలకు పెట్టి పావుగంట ఆగాలి. ఖాళీ గిన్నెతో ఈ పరీక్ష చేయరాదు.

- నీరు 70 - 85 మధ్య నిలిస్తే సెన్సారు బాగున్నట్లే.
- నీరు ఆగకుండా తెర్లుతుంటే సెన్సారు ఉన్న వేడికన్నా తక్కువ చూపుతున్నది, లేదా గాజుకు ఆనడం లేదు.
- గాలి దారి శుభ్రంగా ఉన్నా, నీరు 50 డిగ్రీలు చేరకముందే పొయ్యి ఆగుతుంటే సెన్సారు ఎక్కువ చూపుతున్నది.
- చల్లని పొయ్యి వేసిన వెంటనే తప్పు సంకేతం చూపితే సెన్సారు తీగ తెగి ఉండవచ్చు లేదా కలిసిపోయి ఉండవచ్చు. సంకేతాలు కంపెనీకొక తీరుగా ఉంటాయి. పొయ్యితో వచ్చిన పుస్తకం చూడాలి.

4. మెకానిక్ చేత చేయించవలసిన పరీక్ష

పొయ్యిని ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లో ప్రాణాపాయమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. మెకానిక్ విప్పినప్పుడు దగ్గర ఉండి ఈ పరీక్ష అడిగి చేయించండి.

సెన్సారు తీగలను బోర్డు నుంచి వేరు చేసి, మల్టీమీటరుతో నిరోధం కొలవాలి. లోహపు కొనలను రెండు చేతుల వేళ్ళతో పట్టుకోరాదు. శరీర నిరోధం కలిసి లెక్క తప్పుతుంది. తరువాత సెన్సారును పలుచని పాలిథీన్ సంచిలో ఉంచి, తడి తగలకుండా, ఉష్ణమాపకం ఉన్న నీటిలో ముంచి కొలవాలి. చాలా పొయ్యిలలో వాడే 100 కిలో ఓముల రకానికి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

25 డిగ్రీల వద్ద - 100 కిలో ఓములు
30 డిగ్రీల వద్ద - 80 కిలో ఓములు
40 డిగ్రీల వద్ద - 53 కిలో ఓములు
50 డిగ్రీల వద్ద - 36 కిలో ఓములు
100 డిగ్రీల వద్ద - 7 కిలో ఓములు

వేడితోపాటు అంకె వరుసగా దిగుతూ రావాలి. అసలు అంకె రాకపోతే తీగ తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే లోపల కలిసిపోయింది. తీగ కదిపినప్పుడు అంకె ఎగిరిపడితే అతుకు వదులైంది. 25 డిగ్రీల వద్ద 130, 140 చూపితే సెన్సారు ముదిరింది. ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదం. తెగిన సెన్సారుకు పొయ్యి తప్పు సంకేతం చూపి ఆగుతుంది. ముదిరిన సెన్సారుకు ఏ సంకేతమూ రాదు. పొయ్యి మామూలుగానే పనిచేస్తున్నట్లు కనబడుతూ ఎక్కువ వేడి ఇస్తూ ఉంటుంది.

కొత్తది వేసేటప్పుడు అదే విలువ గలది వేయించాలి. కొన్ని పొయ్యిలలో వేరే విలువ ఉంటుంది. తల గాజుకు ఆనేటట్లు, మధ్యలో వేడి చేరవేసే తెల్లని పేస్టు పెట్టించాలి. సెన్సారు బాగున్నా ఆ పేస్టు ఎండి రాలినందువల్లనే లెక్క తప్పవచ్చు.

5. ఒప్పుకోకూడని మరమ్మతు

తప్పు సంకేతం పోవడానికి సెన్సారు స్థానంలో మామూలు రెసిస్టర్ అతికించడం ఒక అడ్డదారి. పొయ్యి వెంటనే వెలుగుతుంది, ఖర్చు కొద్ది రూపాయలే. కాని 100 కిలో ఓముల రెసిస్టర్ పెడితే పొయ్యికి గిన్నె ఎప్పుడూ 25 డిగ్రీలలోనే ఉన్నట్లు తోస్తుంది. నీరు ఇగిరినా, నూనె పొగలు కక్కినా గిన్నె వేడిని బట్టి ఆపుకొనే శక్తి దానికి ఉండదు. పక్కనే నూలు కండెలు, దూది ధూళి ఉన్న ఇంట్లో ఇది అగ్ని ప్రమాదానికి దారి. ఇలాంటి మరమ్మతు చేస్తామంటే పొయ్యి వెనక్కు తెచ్చుకోవడం మేలు.

6. చాకీ గదికి అన్వయం

పెంపక గృహపు నియంత్రణ పెట్టెలలో సాధారణంగా 10 కిలో ఓముల థర్మిస్టర్ ఉంటుంది. అక్కడ 10 కిలో ఓముల రెసిస్టర్ అతికిస్తే పెట్టె రాత్రంతా 25 డిగ్రీలే చూపుతుంది. మీరు 27కు పెట్టారు కనుక హీటరు ఆగదు. తెల్లవారేసరికి ఆకు వాడి, పురుగులు వేడికి దెబ్బతిని ఉంటాయి. సెన్సారు ముదిరినా నష్టం అదే దారిలో వస్తుంది.

పాడైన గూళ్ళను ఇంట్లో సబ్బు, సోడా నీటిలో ఉడికించి జిగురు తీసేవారు కూడా పొయ్యి అంకెను నమ్మరాదు. ఈ పనికి 90 - 95 డిగ్రీలు చాలు. నీరు తెర్లితే పోగులు చిక్కుపడి పట్టు మెరుపు తగ్గుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. ప్రతి పంటకు ముందు నియంత్రణ పెట్టె అంకెను గాజు ఉష్ణమాపకంతో సరిచూడండి. రెండింటినీ ఒకే తట్ట ఎత్తులో, పక్కపక్కన అరగంట ఉంచండి. 1 డిగ్రీకి మించి తేడా ఉంటే సెన్సారును పరీక్ష చేయించండి.
2. సెన్సారును హీటరు పక్కన గాని, తడి గోడకు గాని తగిలించరాదు. పురుగులున్న ఎత్తులో వేలాడదీయండి.
3. చాకీ రోజులలో రాత్రి ఒక్కసారైనా గాజు ఉష్ణమాపకం చూడండి.
4. గాలి దారి, గిన్నె, వోల్టేజీ చూసిన తరువాతనే సెన్సారు మార్పించండి. తీసిన పాత సెన్సారును అడిగి తెచ్చుకోండి.
5. అనుమానం ఉంటే గుడ్లు తెచ్చుకొనక ముందే మీ సమీప సాంకేతిక సేవా కేంద్రంలో ఉష్ణమాపకాన్ని, నియంత్రణ పెట్టెను చూపించుకోండి.