సూర్యుడి పొయ్యి పైన ఉంటుంది!



“సోలార్ ఫ్లేర్ వస్తోంది, రాత్రికి ఫోన్లు ఆపేయండి” అనే వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పిల్లలు దాని గురించి అడిగితే “సిలబస్‌లో లేదులే” అనకండి. పది నిమిషాలు కూర్చుంటే మీరే చెప్పగలరు.

సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. దాని పైన క్రోమోస్ఫియర్ అనే పలుచని వాయుపొర, ఆ పైన కరోనా ఉంటాయి. కరోనాలో అయస్కాంత రేఖలు మెలితిరిగి, తెగి, మళ్లీ కలిసినప్పుడు వాటిలో దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. అదే సోలార్ ఫ్లేర్.

ఇప్పుడు వంటింట్లోకి రండి. వేడి దోసె పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరి లేస్తుంది కదా! ఫ్లేర్‌లోనూ వాయువు అలాగే పైకి ఎగుస్తుంది. కానీ ఒక తేడా ఉంది. మన పొయ్యి కింద ఉంటుంది, అక్కడ వేడి పైనుంచి దిగుతుంది. కరోనాలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి క్రోమోస్ఫియర్‌ను ఢీకొంటాయి. అక్కడి వాయువు కోటి డిగ్రీల దాకా వేడెక్కి, వ్యాకోచించి, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పైకి ఎక్కుతుంది. చల్లారాక మళ్లీ కిందికి జారుతుంది.

ఈ పాఠంలో మన తెలుగు నేలకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి అంచున లేచిన జ్వాలలను పరిశీలించి, అవి వేడి వాయువులని గుర్తించాడు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి గమనిస్తోంది. 2024 ఫిబ్రవరి 22 నాటి పెద్ద ఫ్లేర్‌ను కూడా అది నమోదు చేసింది.

మరి ఆ మెసేజ్ సంగతి? ఫ్లేర్ కాంతి ఎనిమిది నిమిషాల్లో మనల్ని చేరుతుంది, అదీ పగలున్న వైపుకే. దానిలోని ఎక్స్-కిరణాలను మన వాతావరణం ఆపేస్తుంది. షార్ట్‌వేవ్ రేడియోకు అంతరాయం కలగవచ్చు. రాత్రి ఫోన్ ఆపాల్సిన పని లేదు.

ఈ ఆదివారం దోసెలు వేసేటప్పుడు పిల్లల్ని కాస్త దూరంగా నిలబెట్టి అడగండి: “మన పొయ్యి ఎక్కడుంది? సూర్యుడి పొయ్యి ఎక్కడుంది?” జవాబును వాళ్ల సొంత మాటల్లో డైరీలో రాయించండి. క్లాసులో అందరం చదువుకుందాం.

ఒక్క జాగ్రత్త: కాప్రా చెరువు దగ్గర వాకింగ్‌కు వెళ్లినా సరే, సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకండి. మామూలు చల్లద్దాలు కళ్లను కాపాడవు.