ఆరు భుజాల గడి – అంతరిక్ష నౌక

ఈ వ్యాసం చదివే ముందు ఒక కాగితం, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఇందులో కొంత ఆట, కొంత పాఠం ఉన్నవి.

తేనెపట్టులో గదిలాంటి ఆరు భుజాల గడి ఒకటి గీయండి. అందులో కొన్ని గీతలను జంటగీతలుగా మార్చాలి. నియమం ఒక్కటే: ప్రతి మూలకూ సరిగ్గా ఒక్క జంటగీతే తగలాలి. ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ పోతే రెండే విధాలని తేలుతుంది. ఇప్పుడు ఒక భుజం ఉమ్మడిగా ఉండేట్టు పక్కనే మరో గడి గీయండి. మూలలు పది అయినవి. ఉమ్మడి గీతను జంట చేస్తే మిగిలినవన్నీ ఒకే విధంగా కుదురుతాయి. చేయకపోతే చుట్టూ ఉన్న పది గీతల్లో ఒకటి విడిచి ఒకటి, అంటే రెండు విధాలు. మొత్తం మూడు. వరుసగా మూడు గడులు గీస్తే ఎన్ని విధాలో మీరే తేల్చండి. జవాబు చివర చెబుతాను.

ఈ ఆట నేను కల్పించింది కాదు. 1865లో కెకులే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బెంజీన్ అణువుకు ఊహించిన నిర్మాణమే ఆ మొదటి గడి. రెండు గడుల బొమ్మ నాఫ్తలీన్, అంటే మన ట్రంకు పెట్టెల్లో బట్టల మధ్య వేసే కలరా ఉండ. ప్రతి మూలలోనూ ఒక కార్బన్ పరమాణువు ఉంటుంది. నిజానికి జంటబంధం ఏ ఒక్క గీత దగ్గరా నిలిచి ఉండదు. మనం గీసిన విధాలన్నీ కలిసిపోయినట్టుగా ఉండి, అణువు మరింత స్థిరపడుతుంది.

ఇలాంటి గడులనే నాలుగు దిక్కులా పరుచుకుంటూ పోతే గ్రాఫైట్ పొర అవుతుంది. మీ చేతిలోని పెన్సిలు ములుకులో ఉన్నది అదే. పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ కనుక అవి జారి కాగితానికి అంటుకుంటాయి. కాని ఒకే పొరలో కార్బన్‌కూ కార్బన్‌కూ ఉన్న బంధం మాత్రం మహా గట్టిది. ఆ పొరలు దారం పొడుగునా సాగేటట్టు తయారుచేసినదే కార్బన్ ఫైబర్. అది మన వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. లాగితే ఓ పట్టాన తెగదు, కాని ఉత్త దారం నిటారుగా నిలబడదు. అందుకని రెజిన్ అనే జిగురులో ముంచి గట్టిపరుస్తారు. ఇలా రెండు వస్తువులు కలిసి, విడివిడిగా దేనికీ లేని గుణం చూపే పదార్థాలనే కాంపోజిట్లంటారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. మా జి.కొండూరుకు దగ్గరలోని కొండపల్లిలో బొమ్మల వారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. తేలికైన పొణికి కర్రతో చెక్కిన బొమ్మకు చేతులూ కాళ్ళూ అతికేది దానితోనే. పొట్టు ఒక్కటే అయితే గాలికి పోతుంది. రెండూ కలిస్తే ఆరి గట్టిపడుతుంది.

ఇక తూకం చూద్దాం. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7, కార్బన్ కాంపోజిట్ 1.6 మాత్రమే. 1975 ఏప్రిల్ 19న కక్ష్యలోకి వెళ్ళిన మన ఆర్యభట్ట బరువు సుమారు 360 కిలోలు. ఉపగ్రహం ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, ఆ మేరకు పరికరాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. అందుకే ఈనాటి ఉపగ్రహాల్లో పలకలను గుల్లగా కడతారు. పైనా కిందా పలుచని కార్బన్ కాంపోజిట్ రేకులు, మధ్యన అల్యూమినియం తేనెపట్టు. ఇక్కడా ఆరు భుజాల గడే!

గుల్ల పలకకు బలమెలా వస్తుంది? రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 1 మి.మీ. రేకును రెండు అర మిల్లీమీటరు రేకులుగా చీల్చి, నడుమ 3 మి.మీ. తేనెపట్టు పెట్టామనుకోండి. మొత్తం మందం 4 మి.మీ. లెక్క వేస్తే 4³ – 3³ = 64 – 27 = 37. బరువు పెరిగేది బహు కొద్ది, బిగువు పెరిగేది 37 రెట్లు!

మరి ఆరు భుజాలే ఎందుకు? సందు లేకుండా నేలను నింపగల సమభుజాకారాలు మూడే. 1 చదరపు సెంటీమీటరు గడికి చుట్టుకొలత త్రిభుజమైతే 4.56 సెం.మీ., చతురస్రమైతే 4, షడ్భుజి అయితే 3.72. అంటే షడ్భుజికి గోడ ఖర్చు తక్కువ. క్రీ.పూ. 36లో రోమన్ పండితుడు వర్రో తన వ్యవసాయ గ్రంథంలోనే తేనెటీగల ఈ గదులను ప్రస్తావించాడు. సమాన వైశాల్యం గల గడులుగా నేలను విభజించే ఏ పద్ధతిలోనూ ఇంతకన్నా తక్కువ గోడ పట్టదని థామస్ హేల్స్ నిరూపించింది మాత్రం 1999లో.

ఇదంతా ఆకాశానికేనా, మనకేమిటి అని అడగవచ్చు. మా మేనమామకు చిన్నతనంలో పోలియో సోకి ఒక కాలు సన్నబడింది. ఇనప కాలిపర్ తొడుక్కునే చేలోకి వచ్చేవాడు. గట్టు దాటేటప్పుడు తొడను చేత్తో ఎత్తి అవతల వేసుకునేవాడు. “కాలి కన్నా ఈ ఇనుమే బరువురా అల్లుడూ” అనేవాడు.

ఆ మాటకు జవాబు హైదరాబాదులోనే పుట్టింది. అగ్ని క్షిపణిని తొలిసారి పరీక్షించినది 1989 మే 22న. తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు పుట్టే వేడికి తట్టుకునేందుకు దాని ముక్కుకు కార్బన్–కార్బన్ కాంపోజిట్ వాడారు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఒక ఎముకల వైద్యుడు ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, అది ఎంత తేలికో గమనించి, తన దగ్గరి పిల్లల సంగతి చెప్పారట. ఆ పిల్లలు మోస్తున్నవి మూడు కిలోలకు పైగా బరువున్న కాలిపర్లు. కొద్ది వారాల్లోనే 300 గ్రాముల కాలిపర్లు తయారైనవి. ఈ సంగతి అబ్దుల్ కలాం గారు పలు సభలలో చెప్పారు. ఆ పిల్లలు పరుగెత్తడం చూడటమే తనకు గొప్ప ఆనందమనీ చెప్పారు.

ఆ 300 గ్రాముల కాలిపర్ మా మామయ్య దాకా రాలేదు. ఆయన ఇప్పటికీ ఇనుముతోనే నడుస్తున్నాడు. ఆ వైద్యుడు ఒక వస్తువును ఎత్తి చూసినప్పుడు దానికి ఇంకెక్కడ పని ఉందో ఆలోచించాడు. మన లాబరేటరీల్లో మనమూ అలా ఆలోచించడం నేర్చుకుంటే, ఈ దూరం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

అన్నట్టు, మూడు గడుల లెక్కకు జవాబు నాలుగు. దాని పేరు ఆంత్రసీన్.