కాలేయానికి కవచం

కళ్లు పచ్చబడగానే పసరుమందుకై పరుగెత్తడం పల్లెల్లో పరిపాటి. కామెర్లు కేవలం లక్షణం. మూలవ్యాధి తరచు కాలేయాన్ని ఆశ్రయించిన వైరస్‌దే. వీటిలో ఎ, ఇ రకాలు కలుషిత జలాహారాల ద్వారా, బి, సి రకాలు ప్రధానంగా రక్తం ద్వారా వ్యాపిస్తాయి. కాచి చల్లార్చిన నీరు మొదటి రెంటినీ, కొత్త సూది, పరీక్షించిన రక్తం తక్కిన రెంటినీ దూరంగా ఉంచుతాయి.

అయితే బి రకం ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకూ సంక్రమిస్తుంది. శైశవంలో సోకినది చాలా మందిలో జీవితాంతం నిలిచి, కాలేయ కేన్సర్‌కు దారితీయవచ్చు. అందుకే పుట్టిన 24 గంటలలోపే శిశువుకు తొలి టీకా వేయించాలి. ఒకనాడు విదేశాల నుండి వచ్చిన ఈ టీకా సామాన్యునికి అందని మానిపండు. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దానిని స్వదేశంలోనే తయారుచేసి చౌకగా అందించింది. నేడు ప్రభుత్వాసుపత్రులలో శిశువులకు ఉచితంగా వేస్తున్నారు. చేతికందిన ఈ రక్షణను బిడ్డకు సకాలంలో చేర్చడం పెద్దల ధర్మం.