గోలీ మింగించే ముందు ఎవరిని అడగాలి?

సమస్య: మాది ఖానాపూర్. మా అమ్మకు 78 ఏళ్లు, డిమెన్షియా ఉంది. బీడీలు చేసుకునే నాకు చూసుకోవడం చేతగాక, అన్నయ్య గల్ఫ్ నుంచి పైసలు పంపితే ఒక వృద్ధాశ్రమంలో చేర్పించినం. మొన్న పోయి చూస్తే పట్టపగలే మగతగా పడి ఉంది, మాట ముద్దగా వస్తోంది. అడిగితే ‘రాత్రిళ్లు లేచి తిరుగుతోంది, క్వెటియాపిన్ వేస్తున్నాం’ అన్నారు. మాకెందుకు చెప్పలేదంటే చేర్పించిన నాటి ఫారం చూపించి, సంతకం పెట్టారు కదా అంటున్నారు. అన్నయ్య గొడవ వద్దంటున్నాడు. నాకు అడిగే హక్కుందా?

సలహా: ఖానాపూర్ సోదరికి ఆ హక్కు నిక్షేపంగా ఉంది. కానీ కోపంలో గోలీలు ఒక్కసారిగా మాన్పించకూడదు. తగ్గించినా, ఆపినా డాక్టరే చేయాలి. మగత ఎక్కువవుతుంటే ఆ రోజే ఆస్పత్రిలో చూపించాలి.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడాన్నీ మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. మందు వల్ల లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే దారి ఉందా అన్నవి అర్థమయ్యే భాషలో చెప్పాకే, బలవంతం లేకుండా ఇచ్చింది సమ్మతి. ఫలానా మందు పేరే లేని చేరిక ఫారం ఆ కొలతకు తూగదు.

మరి ఎవరిని అడగాలి? పైసలు పంపే కొడుకునా, వచ్చి చూసే కూతురినా? ముందు అమ్మని! డిమెన్షియా అని చీటీ మీద రాసినంత మాత్రాన ఆమె మాట చెల్లకుండా పోదు. విషయం అర్థం చేసుకుని సైగతో చెప్పినా చాలునంటుంది చట్టం. అదీ కుదరనప్పుడే ఆమె నియమించుకున్న ప్రతినిధి, లేదంటే బంధువు. ఖర్చు ఎవరు పెడుతున్నారన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, డిమెన్షియా ఉన్న వృద్ధులకు క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్ మందులతో మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. సుమారు పది వారాల పరీక్షల్లో మందు వాడినవారిలో 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2.6 శాతం చనిపోయారు. ఒక్కోసారి మందు తప్పకపోవచ్చు. అయితే రాత్రి తిరుగుడుకు మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంటి నొప్పులూ కారణం కావచ్చు. అవి చూశారా? రాత్రి డ్యూటీకి మనిషి లేక గోలీ వేస్తుంటే అది వైద్యం కాదు.

మందుల చీటీ నకలు, రాసిన డాక్టర్ పేరు రాతపూర్వకంగా అడగాలి. ఆ చీటీతో మానసిక వైద్యుడికి చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. ఆశ్రమం మొండికేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.