గంట తీగ తెంపితే రైలు ఆగుతుందా?

రోజూ బడికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఏ జ్వరమో, విరేచనాలో పట్టుకున్న రోజున అదే దారి రెట్టింపు పొడుగైనట్టు అనిపిస్తుంది. సైకిలు అదే, దారి అదే. మరి మారింది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు కోసం, 1967 జూలై 13న ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక విషాద సంఘటన చూద్దాం.

కొండ మీద ఏం జరిగింది?

ఫ్రాన్సులో ఏటా వేసవిలో ‘టూర్ డి ఫ్రాన్స్’ అనే సైకిలు పందెం జరుగుతుంది. పోటీదారులు సుమారు మూడు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ తొక్కుతూనే ఉంటారు. 1967 పందెంలో టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ యువకుడు పాల్గొన్నాడు. వయసు 29 ఏళ్ళు. అంతకు రెండేళ్ళ ముందే ప్రపంచ చాంపియన్ అయినవాడు. ఆల్ప్స్ పర్వతాలు దాటేటప్పుడు అతనికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అయినా పందెం మానలేదు.

జూలై 13న మార్సెయ్ నుంచి కార్పెంట్రాస్ దాకా 200 కిలోమీటర్లకు పైగా తొక్కాలి. దారిలో మోన్ వాంటూ అనే కొండ ఉంది. దాని ఎత్తు 1,900 మీటర్ల పైమాటే. పైభాగమంతా తెల్లటి సున్నపురాయి, ఎక్కడా చెట్టు నీడ లేదు. ఎండ మండిపోతోంది. శిఖరం ఇంకో కిలోమీటరు పైచిలుకు ఉందనగా సింప్సన్ సైకిలు వంకరటింకరగా పోయి పడిపోయింది. అతన్ని మళ్ళీ ఎక్కించారు. కొద్ది దూరం పోయి మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవలేదు. హెలికాప్టరులో ఆస్పత్రికి తీసుకువెళ్ళినా ప్రాణం దక్కలేదు.

లెక్క వేద్దాం

కొండ కింది ఊరి నుంచి శిఖరానికి సుమారు 1,600 మీటర్ల ఎక్కుడు. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు అనుకోండి. అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి జరిగే పని 80 × 9.8 × 1,600, అంటే సుమారు 12.5 లక్షల జౌళ్ళు.

మన కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలవు. తక్కిన మూడు వంతులూ వేడి అయిపోతాయి. అంటే కొండ ఎక్కేసరికి 37.5 లక్షల జౌళ్ళ వేడి శరీరంలో పుడుతుంది. ఇది బయటికి పోవాలి.

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. కుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మన చెమటా అంతే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి పోతుంది. భాగించి చూడండి. ఆ ఒక్క కొండకే లీటరున్నర చెమట కావాలి! ఆవిరి కాకుండా కారిపోయే చెమట దీనికి అదనం. ఎక్కుడులో సైకిలు నెమ్మదిగా పోతుంది కాబట్టి ఒంటికి గాలి తగిలేది కూడా తక్కువే.

ఆనాటి పందెం నియమాల ప్రకారం ఒక్కొక్కరికి రోజు మొత్తానికి నాలుగు సీసాల నీళ్ళే, అంటే సుమారు రెండు లీటర్లు. కొండ దగ్గరికి చేరేసరికే వంద కిలోమీటర్లకు పైగా ఎండలో తొక్కారు. విరేచనాలతో నీరూ ఉప్పూ పోగొట్టుకున్న మనిషికి అవి ఏం సరిపోతాయి?

రక్తం ఒకటే, పనులు రెండు

చెమటకు కావలసిన నీరు రక్తం నుంచే వస్తుంది. ఆ రక్తమే కండరాలకు ఆక్సిజన్ అందించాలి, లోపలి వేడిని చర్మం దాకా మోసుకురావాలి. కాలువలో నీరు తగ్గితే చివరి పొలాలు ఎండుతాయి. అలాగే రక్తంలో నీరు తగ్గితే గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా రెండు పనులూ సాగవు. చర్మానికి రక్తం తగ్గితే వేడి లోపలే ఉండిపోతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మెదడు దెబ్బతినవచ్చు. దీన్నే వడదెబ్బ అంటాం.

జ్వరంలో ఇంకో చిక్కు. సైకిలు ఎక్కకముందే ఒళ్ళు 39 డిగ్రీలు ఉంటే, 40కి ఎంత దూరం? ఒక్క డిగ్రీ!

హెచ్చరికను నొక్కేసిన మందు

సింప్సన్ శవపరీక్షలో ఆంఫిటమిన్ అనే ఉత్తేజక మందు, మద్యం బయటపడ్డాయి. ఎండ, నీటి కొరత, కడుపు జబ్బు, వీటికి తోడు మందు. ఆంఫిటమిన్ అలసటను తెలియనివ్వదు. పైగా చర్మంలోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మద్యం మూత్రం ఎక్కువయ్యేలా చేసి, ఉన్న నీటిని కూడా పోగొడుతుంది.

అలసట అంటే రైలు గేటు దగ్గర మోగే గంట వంటిది. గంట తీగ తెంపేస్తే రైలు రాకుండా ఆగదు కదా!

మీరేం చెయ్యాలి?

జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు సైకిలు యాత్ర మానండి. దారిలో ఒంట్లో బాగా లేకపోతే, గమ్యం ఎంత దగ్గరున్నా దిగి నీడకు చేరండి. విరేచనాలైతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. పేగుల్లో గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే ఎందరో కలరా రోగులను బతికించాడు.

తోటివాడు ఎండలో తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా మళ్ళీ సైకిలు ఎక్కించకండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా తడిపి, విసరండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

చేసి చూడండి

ఒంట్లో బాగున్న రోజున, పొద్దున లేవగానే మణికట్టు దగ్గర నాడిని ఒక నిమిషం లెక్కపెట్టి రాసుకోండి. వారం రోజులు ఇలా చెయ్యండి. జ్వరం వచ్చినప్పుడు మళ్ళీ లెక్కించండి. ఒక డిగ్రీ జ్వరానికి నాడి నిమిషానికి సుమారు పదిసార్లు పెరుగుతుందంటారు. మీ లెక్క ఎంత వచ్చింది? మంచం మీద కదలకుండా ఉన్నప్పుడే గుండె అంత పని చేస్తుంటే, దాని మీద సైకిలు బరువు కూడా వెయ్యడం న్యాయమా? మీరే చెప్పండి.